లెబ్రాన్ ఎటు వెళ్తాడు? ముందు పాత కాగితం చూడండి

2006 వేసవిలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో నలుగురు కుర్రాళ్లు తమ జట్లతో ఒప్పందాలు పొడిగించుకున్నారు. క్లీవ్‌లాండ్‌లో లెబ్రాన్ జేమ్స్, మయామీలో డ్వేన్ వేడ్, టొరంటోలో క్రిస్ బాష్, డెన్వర్‌లో కార్మెలో ఆంథొనీ. నలుగురూ 2003లో ఒకేసారి లీగ్‌లోకి వచ్చినవాళ్లు. ఆంథొనీ తనకు దొరికినన్ని ఏళ్లకు సంతకం పెట్టేశాడు. మిగతా ముగ్గురూ ఒక ఏడాది తగ్గించుకున్నారు. మూడేళ్లు ఖాయం, నాలుగో ఏడు ఆడాలో వద్దో తమ ఇష్టం.

నాలుగేళ్లు గడిచాయి. 2010 జులై 8 రాత్రి లెబ్రాన్ టీవీ కెమెరాల ముందు కూర్చుని మయామీకి వెళ్తున్నానని ప్రకటించాడు. దాదాపు కోటి మంది చూశారు. క్లీవ్‌లాండ్ వీధుల్లో అతని జెర్సీలు తగలబెట్టారు. బాష్ కూడా మయామీకే వచ్చాడు, వేడ్ ఎలాగూ అక్కడే ఉన్నాడు. ముగ్గురూ ముందే కూడబలుక్కున్నారా లేదా అన్నది వేరే చర్చ. కాగితం మీద మాత్రం ముగ్గురి తలుపులూ ఒకే వేసవిలో తెరుచుకునేలా 2006లోనే రాసి ఉంది. ఆంథొనీ తలుపు ఏడాది ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఆ కూటమిలో అతనికి చోటు లేకపోయింది.

ప్రతి జూన్ నెలలోనూ అమెరికాలో ఒక జాతర నడుస్తుంది. ఫలానా స్టార్ ఉంటాడా, పోతాడా? పోతే ఎటు? టీవీల్లో పందేలు, ఫోన్లలో పుకార్లు. అక్కడ స్థిరపడిన మన పిల్లలున్న ఇళ్లలో ఈ గోల మనకూ వినిపిస్తూనే ఉంటుంది. ఆ గోలలో నిజానికి మూడు ప్రశ్నలు కలగలిసిపోయి ఉంటాయి. ఎప్పుడు, ఎంతకు, ఎక్కడికి. మొదటి రెండింటికీ జవాబు చాలావరకు పాత ఒప్పందంలోనే దొరుకుతుంది. జనం అడిగేది మాత్రం మూడోదే. అది ఎవరికీ సరిగ్గా అందదు. ఈ విడదీత తెలిస్తే పుకార్లలో ఏది వినాలో, ఏది వదిలేయాలో తేలిగ్గా తెలుస్తుంది.

ఐపీఎల్‌కు అలవాటుపడిన మనకు ఇందులో ఒక చిక్కు ఉంది. 2024 నవంబరు వేలంలో రిషభ్ పంత్‌ను లక్నో 27 కోట్లకు దక్కించుకుంది. లక్నో అని ఎంచుకున్నది అతను కాదు, పాట అక్కడ ఆగింది, అంతే. ఎన్‌బీఏలో దీనికి తలకిందులు. స్టార్‌కు ఇవ్వగల గరిష్ఠ జీతం ఎంతో నిబంధనలే తేల్చేస్తాయి. నాలుగు జట్లు వెంటపడినా నాలుగూ దాదాపు ఒకే అంకె చూపించాలి. ధర దగ్గర పోటీ ఆగిపోతే ఇక మిగిలేవి ఊరు, సహచరులు, కోచ్, కుటుంబం, గెలుపు ఆశ. ఊహాగానాలకు ఇంత గిరాకీ ఉండటానికి కారణం అదే. వేలంలో అయితే డబ్బున్నవాడిని పట్టుకుంటే సరిపోయేది.

ఈ స్వేచ్ఛ ఊరికే రాలేదు. ఒకప్పుడు ఒప్పందం ముగిసినా ఆటగాడి మీద హక్కు జట్టుదే. ఆటగాళ్ల సంఘానికి అధ్యక్షుడిగా ఉన్న ఆస్కార్ రాబర్ట్‌సన్ పేరిట 1970లో కేసు పడింది. 1976లో రాజీ కుదిరాకే తలుపు కాస్త ఓరగా తెరుచుకుంది. 1988లో టామ్ చేంబర్స్ సియాటిల్ నుంచి ఫీనిక్స్‌కు ఏ అడ్డూ లేకుండా వెళ్లాడు. అలా వెళ్లిన మొదటివాడు అతనే. ఒప్పందం ముగిసి, ఎవరితోనైనా సంతకం పెట్టగల ఆటగాడిని ఫ్రీ ఏజెంట్ అంటారు.

ఇక లెక్కల్లోకి వద్దాం. కాస్త ఓపిక పట్టండి, తర్వాతి కథలన్నీ వీటి మీదే నడుస్తాయి.

లీగ్ ఆదాయంలో సుమారు సగం ఆటగాళ్లకు పోతుంది. దాన్నిబట్టి ఒక్కో జట్టు జీతాలకు ఏటా ఒక పరిమితి కడతారు. దాన్ని శాలరీ క్యాప్ అంటారు. అది మొదలైన 1984-85లో 3.6 మిలియన్ డాలర్లు, 2025-26లో 154.6 మిలియన్లు. మిలియన్ అంటే పది లక్షలు. స్టార్ గరిష్ఠ జీతం ఈ పరిమితిలో ఒక వంతు. లీగ్‌లో ఏడేళ్లు నిండనివాడికి 25 శాతం, ఏడు నుంచి తొమ్మిదేళ్లవాడికి 30 శాతం, పదేళ్లు నిండితే 35 శాతం. 2025-26 లెక్కన అవి వరసగా 38.7, 46.4, 54.1 మిలియన్లు. పదో ఏడు దాటిన స్టార్‌కు ఆట ఏమాత్రం మెరుగుపడకపోయినా జీతం ఒక్కసారిగా ఎగబాకుతుందన్నమాట. పాత జట్టు అయితే ఐదేళ్లకు రాయగలదు, ఏటా 8 శాతం పెంచగలదు. కొత్త జట్టుకు నాలుగేళ్లు, 5 శాతమే. పైగా తన సొంత ఆటగాడిని నిలబెట్టుకోవడానికి జట్టు పరిమితి దాటవచ్చు. ఈ వెసులుబాటును బోస్టన్ మహానుభావుడు లారీ బర్డ్ పేరుతో బర్డ్ హక్కు అంటారు. మంచి అవార్డులు గెలిచిన ఏడు, ఎనిమిదేళ్ల ఆటగాడికి అతన్ని పెంచిన జట్టు పదేళ్లు నిండకముందే 35 శాతం ఇవ్వవచ్చు. అది సూపర్‌మ్యాక్స్.

ఇప్పుడు 2006 కాగితం మళ్లీ చూడండి. 2003కి ఏడు కలిపితే 2010. లెబ్రాన్ సరిగ్గా 30 శాతం మెట్టు ఎక్కే వేసవికే తన తలుపు పెట్టుకున్నాడు.

మన ఊళ్లలో ఇల్లు అద్దెకిచ్చేటప్పుడు 11 నెలల అగ్రిమెంటు రాస్తాం. అద్దెలు పెరుగుతున్న పేటలో ఐదేళ్లకు ఒకే అద్దె ఒప్పుకునే యజమాని ఉండడు. గడువు తీరగానే కూర్చుని కొత్త అంకె మాట్లాడుకోవచ్చు. అదే ఇల్లు పాతబడి గోడలు బీటలు వారుతుంటే, దొరికిన మనిషికి ఎక్కువ కాలానికి ఇచ్చేయడమే క్షేమం. ఎన్‌బీఏ స్టార్ ఆ ఇంటి యజమాని. తన ఆటే ఆ ఇల్లు. మోకాలు సలుపుతున్నవాడు పొడుగు ఒప్పందం కోరతాడు. మంచి ఊపులో ఉన్నవాడు, రేపు పేటలో అద్దెలు పెరుగుతాయని తెలిసినవాడు, పొట్టి కాగితం అడుగుతాడు.

2014లో జరిగింది ఇదే. లెబ్రాన్ మయామీ వదిలి తిరిగి క్లీవ్‌లాండ్ చేరాడు. స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రికలో ఇల్లు చేరుతున్న కొడుకులా వ్యాసం రాశాడు. తీరా సంతకం చూస్తే రెండేళ్లకు 42.1 మిలియన్లు, అందులోనూ రెండో ఏడు అతని ఇష్టం. ఇంటికొచ్చిన కొడుకు సంచీ విప్పలేదేమిటని ఊరంతా గుబులు పడింది. గుబులు పడాల్సిన పని లేదు. లీగ్‌కు కొత్త టీవీ ఒప్పందం రాబోతోంది. ఆ అక్టోబరులోనే బయటపడింది, తొమ్మిదేళ్లకు 24 బిలియన్ డాలర్లు. ఆ డబ్బు 2016-17 నుంచి వస్తుంది. పరిమితిని మెల్లమెల్లగా పెంచుదామని లీగ్ అడిగితే ఆటగాళ్ల సంఘం ఒప్పుకోలేదు. ఫలితంగా 70 మిలియన్ల పరిమితి ఒక్క వేసవిలో 94.1కి ఎగిసింది. లెబ్రాన్ 2015లో మళ్లీ పొట్టి ఒప్పందమే రాసుకుని, 2016లో మూడేళ్లకు 100 మిలియన్లు తీసుకున్నాడు. 2014-15లో 20.6 మిలియన్లున్న జీతం రెండేళ్లలో 31 మిలియన్లకు చేరింది. అనుమానంతో సంచీ విప్పలేదన్న మాట వట్టిదే, అతను పేట అద్దెలు చూసుకుంటున్నాడు.

అయితే లెక్క వచ్చినంత మాత్రాన అంతా తెలిసిపోతుందనుకుంటే 2016 మనకు బుద్ధి చెబుతుంది. ఆ వేసవిలో కెవిన్ డ్యురాంట్ ఫ్రీ ఏజెంట్. 2007లో వచ్చినవాడు, తొమ్మిదేళ్లు నిండాయి. ఇంకొక్క ఏడు ఆగితే పదేళ్లు, 35 శాతం. కాబట్టి ఓక్లహామా సిటీతోనే రెండేళ్ల కాగితం రాసుకుని, రెండో ఏడు తన ఇష్టంగా ఉంచుకుని, 2017లో పెద్ద సంతకం పెడతాడని లెక్క తెలిసిన చాలామంది చెప్పారు. జులై 4న వార్త వచ్చింది. రెండేళ్లు, 54.3 మిలియన్లు, రెండో ఏడు అతని ఇష్టం. కాగితం ఆకారం అచ్చం వాళ్లు చెప్పినట్టే ఉంది. ఊరు మాత్రం గోల్డెన్ స్టేట్. ఆ సీజన్‌లో 73 మ్యాచ్‌లు గెలిచి, ప్లేఆఫ్స్‌లో డ్యురాంట్ జట్టునే ఓడించిన గోల్డెన్ స్టేట్! మామూలుగా అయితే ఆ జట్టుకు అతన్ని తెచ్చుకునే స్తోమత ఉండేది కాదు. టీవీ డబ్బుతో పరిమితి ఒక్కసారిగా పెరగడం వల్లే ఖాళీ దొరికింది. మరుసటి ఏడు 35 శాతం చేతికందినా అతను తీసుకోలేదు. సుమారు 35 మిలియన్లు అడగగలిగినవాడు సహచరులను నిలబెట్టుకోవడానికి 25 మిలియన్లకు ఆడాడు. ‘ఎప్పుడు’ సరిగ్గా పడింది, ‘ఎక్కడ’ తప్పింది, ‘ఎంత’ కూడా మరుసటి ఏడు జారిపోయింది. నా దృష్టిలో ఈ విద్యకు ఇంతకన్నా నిజాయితీగల మార్కుల పట్టిక లేదు.

ఊరి విషయంలో ఆఖరి గంట దాకా నమ్మకం లేదనడానికి 2015 నాటి డిఆండ్రె జోర్డన్ ఉదంతం చాలు. జులై మొదట్లో అతను డాలస్ మావెరిక్స్‌కు మాట ఇచ్చాడు. ఎన్‌బీఏలో అప్పట్లో జులై మొదటి వారమంతా మాటలే, సంతకాలు కుదరవు. తాంబూలాలకూ పెళ్లికీ మధ్య ఉండే ఆ వారంలో అతని మనసు మారింది. పాత జట్టు క్లిప్పర్స్ కోచ్, యజమాని, సహచరులు హ్యూస్టన్‌లోని అతని ఇంటికి దౌడు తీశారు. ఒకరు విమానం బొమ్మ, ఒకరు కారు బొమ్మ ట్విట్టర్‌లో పెడుతూ పోయారు. తలుపుకు కుర్చీ అడ్డం పెట్టిన ఫొటో కూడా వచ్చింది. అర్ధరాత్రి దాటి గడువు తెరుచుకోగానే క్లిప్పర్స్‌తోనే సంతకం అయిపోయింది, నాలుగేళ్లకు సుమారు 88 మిలియన్లు. అంతా నవ్వుకున్న ఈ కథలో ఒక చిన్న సంగతి మరుగున పడింది. మొదటి రోజు నుంచీ ఎక్కువ డబ్బు ఇవ్వగలిగింది పాత జట్టే. నిబంధనల పుస్తకం మొదటి నుంచీ క్లిప్పర్స్ వైపే చెయ్యి చూపిస్తోంది. ఎవరూ చూడలేదు, అందరూ అతని నోటిమాటనే పట్టుకున్నారు.

పన్నుల గురించి ఒక మాట. ఫ్లోరిడా, టెక్సస్ రాష్ట్రాల్లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, కాలిఫోర్నియాలో పై మెట్టు 13.3 శాతం. దీన్ని పట్టుకుని ఫలానావాడు టెక్సస్‌కే పోతాడని తేల్చేవాళ్లున్నారు. ఆటగాడు ఏ రాష్ట్రంలో మ్యాచ్ ఆడితే అక్కడా పన్ను కడతాడు కాబట్టి తేడా పైకి కనిపించినంత ఉండదు. లాస్ ఏంజెలెస్‌కు స్టార్ల వరస తగ్గిందీ లేదు.

2018లో లెబ్రాన్ ఆ వరసలోనే చేరాడు. ఈసారి టీవీ కార్యక్రమం లేదు, పత్రికలో వ్యాసం లేదు. జులై 1న ఏజెంట్ సంస్థ నుంచి చిన్న ప్రకటన. నాలుగేళ్లకు 154 మిలియన్లు. క్లీవ్‌లాండ్‌లో ఉంటే ఐదేళ్లకు 200 మిలియన్లకు పైగా వచ్చేది. ఆశ్చర్యపరిచింది ఊరు కాదు, కాలం. నాలుగేళ్లుగా మూడేళ్లకు మించని పొట్టి కాగితాలే రాస్తూ వచ్చిన మనిషి ఒక్కసారిగా పొడుగు ఒప్పందం రాశాడు. దీనికీ పాత కాగితం ఉంది, కాకపోతే బాస్కెట్‌బాల్ ఆఫీసులో కాదు. 2015లో ఒకటి, 2017లో ఇంకొకటి, లాస్ ఏంజెలెస్ బ్రెంట్‌వుడ్‌లో అతను రెండు ఇళ్లు కొన్నాడు. సినిమా, టీవీ వ్యాపారం అక్కడే. అద్దె కాగితాల మనిషి ఇల్లు కొనుక్కుంటే ఏమనుకోవాలో మన ఇరుగుపొరుగువాళ్లకు వేరే చెప్పాలా?

ఆ తర్వాత అతని కాగితాల్లో కొడుకు వయసు కనిపించడం మొదలైంది. 2022 ఆగస్టులో లెబ్రాన్ తన లాస్ ఏంజెలెస్ జట్టు లేకర్స్‌తో రెండేళ్లకు 97.1 మిలియన్లతో పొడిగించుకున్నాడు. రెండో ఏడు, అంటే 2024-25, తన ఇష్టం (దీన్నే ఆప్షన్ అంటారు). అతని పెద్దకొడుకు బ్రానీ లీగ్‌కు అర్హుడయ్యేది 2024లోనే. కొడుకుతో కలిసి ఆడాలని ఉందని తండ్రి అంతకుముందే బాహాటంగా చెప్పాడు. 2024 జూన్‌లో, కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, లేకర్స్ బ్రానీని 55వ ఎంపికగా తీసుకుంది. తండ్రి తన ఆప్షన్ వదులుకుని, కొత్తగా రెండేళ్లకు సంతకం పెట్టాడు, గరిష్ఠం కంటే కాస్త తగ్గించుకుని. ఆ అక్టోబరు 22న తండ్రీకొడుకులు ఒకే మ్యాచ్‌లో కోర్టులో దిగారు. ఎన్‌బీఏలో అంతకుముందు ఎన్నడూ జరగలేదు. ఇక్కడ ‘ఎక్కడ’ అన్నది కూడా ముందే పసిగట్టవచ్చు, ఎందుకంటే ఆ ఒక్కసారి అతని కోరిక తేదీతో సహా అందరికీ తెలుసు. అలాంటి సందర్భాలు అరుదు.

‘కాస్త తగ్గించుకుని’ అన్నాను కదా, అది దానధర్మం కాదు. 2023లో కుదిరిన కొత్త ఉమ్మడి ఒప్పందం పరిమితికి చాలా పైన ఇంకో గీత గీసింది. సెకండ్ ఏప్రన్ అంటారు. అది దాటిన జట్టుకు ఆటగాళ్లను మార్చుకునే దారులు దాదాపు మూసుకుపోతాయి. ఆ గీత దాటకుండా ఉండటానికి లెబ్రాన్ తగ్గాడు. అందుకే ఇప్పుడు స్టార్ కాగితంతోపాటు జట్టు జమాఖర్చుల పుస్తకం కూడా చూడాలి. న్యూయార్క్ గార్డ్ జేలెన్ బ్రన్సన్ 2024 జులైలో నాలుగేళ్లకు 156.5 మిలియన్లతో సంతకం పెడితే లెక్క వేసేవాళ్లు నోళ్లు వెళ్లబెట్టారు. ఒక్క ఏడాది ఆగి ఉంటే ఐదేళ్లకు 269 మిలియన్లు వచ్చేవి. 113 మిలియన్లు వదులుకున్నాడని అన్నిచోట్లా అదే శీర్షిక. కాలేజీలో తనతో ఆడిన ముగ్గురు స్నేహితులు అప్పటికి ఆ జట్టులోనే ఉన్నారు, తండ్రి అదే జట్టుకు సహాయక కోచ్. మనసు ఎటు ఉందో కనిపిస్తూనే ఉంది. కానీ కాగితం చివరి పేజీ కూడా చూడాలి, అక్కడికి వస్తాను.

పుకార్ల సంగతి. పెళ్లిళ్ల పేరయ్య చెప్పే మాటల్ని మనం ఎలా వింటామో ఏజెంట్ నుంచి వచ్చే వార్తనూ అలాగే వినాలి. ఫలానా జట్టు మావాడి కోసం తహతహలాడుతోంది అన్న కబురు, ఎక్కువసార్లు, ఇప్పుడున్న జట్టుకు వినిపించడానికే పుడుతుంది. విలేకరికి రేపటి వార్త కూడా ఆ ఏజెంటే ఇవ్వాలి, కాబట్టి అతను గట్టిగా అడ్డు ప్రశ్న వేయడు. ఇంకో జట్టు ఆటగాడితో గడువుకు ముందే మంతనాలు జరపడం లీగ్ నిబంధనలకు విరుద్ధం. 2021 బేరసారాలకు షికాగో, మయామీ జట్లు చెరొక రెండో రౌండ్ డ్రాఫ్ట్ ఎంపికను పోగొట్టుకున్నాయి. గడువు తెరుచుకున్న నిమిషాల్లోనే వందల మిలియన్ల ఒప్పందాలు కుదిరిపోయినట్టు వార్తలొస్తాయంటే, ఆ మాటలు ఆ నిమిషాల్లో జరిగినవి కావని పసిపిల్లవాడికైనా తెలుస్తుంది. అందుకే చివరి రెండు మూడు రోజుల పుకార్లకు కొంత విలువ ఉంటుంది. మార్చి నెల పుకార్లకు నేను పైసా ఇవ్వను.

ఇక డాలస్. చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనోల్లో తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. 2025 ఫిబ్రవరి మొదటి రాత్రి, 77 నంబరు జెర్సీ వేసుకుని పడుకున్న పిల్లలు పొద్దున్నే లేచేసరికి ఆ నంబరు ఆటగాడు, డాలస్ స్టార్ లూకా డాంచిచ్ లేకర్స్‌కు వెళ్లిపోయి ఉన్నాడు. జట్టే అతన్ని మార్పిడి చేసేసింది. డాలస్‌లో ఉండి ఉంటే ఆ వేసవిలో అతనికి సూపర్‌మ్యాక్స్ దక్కేది, ఐదేళ్లకు సుమారు 345 మిలియన్లు. జట్టు మారడంతో ఆ అర్హత ఎగిరిపోయింది. అదే ఏడాది ఆగస్టు 2న లేకర్స్‌తో సంతకం పెట్టాడు. మూడేళ్లకు 165 మిలియన్లు, మూడో ఏడు అతని ఇష్టం. పిసరంత ఒప్పందం రాశాడేమిటి, లేకర్స్ మీద నమ్మకం లేదా అని మళ్లీ అదే పాత గుబులు. మీకు ఇప్పుడు ఈ లెక్క చెప్పనక్కరలేదు. 2018లో వచ్చాడు. పదేళ్లు కలపండి. మూడో ఏడు తన ఇష్టం అన్న తలుపు తెరుచుకునేది 2028 వేసవిలో, 35 శాతం మెట్టు దగ్గర.

బ్రన్సన్ కాగితం చివరి పేజీ కూడా చూద్దామన్నాను. అతని నాలుగో ఏడు తన ఇష్టం. అతను లీగ్‌లోకి వచ్చింది కూడా 2018లోనే. ఆ తలుపు తెరుచుకునేదీ 2028 వేసవిలోనే. 113 మిలియన్ల త్యాగంలో కొంత భాగమైనా అక్కడ తిరిగి వసూలు చేసుకునే దారి అతను ఉంచుకున్నాడు.

ఆ వేసవిలో ఇద్దరూ తమ ఆప్షన్లు వదులుకుంటారనీ, ఆరోగ్యంగా ఉంటే 35 శాతం అడుగుతారనీ నేను ఇప్పుడే పందెం కాస్తాను. ఏ ఊళ్లో ఆడతారని అడిగితే మాత్రం నోరు మెదపను. 2018 జూన్ డ్రాఫ్ట్‌లో ఒకే రాత్రి ఈ ఇద్దరినీ తెచ్చుకున్న జట్టు డాలస్. ఇద్దరిలో ఒక్కడూ ఇప్పుడు అక్కడ లేడు.